తెగిన నరానికి పట్టు దారి

పెద్దతిప్పసముద్రం పరిసరాలలోను, అక్కడినుండి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపునను ఉన్న మెట్టభూములలో మల్బరీ తోటలు పచ్చగా కనిపిస్తాయి. వర్షాలు తక్కువగా కురిసే ప్రాంతమది. బావి క్రిందనో, బోరు క్రిందనో ఒకటి రెండు ఎకరాలున్న రైతు ఆ ఆకు కోసి పట్టుపురుగులను మేపుతాడు. పురుగులు నాలుగు నిద్రలు లేచి, చంద్రికల మీదికి చేరి, రెండు మూడు రోజులలో గూళ్ళు కట్టుకుంటాయి. గూళ్ళు మార్కెట్టుకు పోతాయి. వాటినుండి తీసిన దారం మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలోను, ధర్మవరంలోను మగ్గాలెక్కి చీరగా మారుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసినదే.

అదే దారం మరొక పనికి కూడా ఉపయోగపడగలదని 2000 తరువాతి సంవత్సరాలలో జరిగిన ప్రయోగాలు చూపుతున్నవి. కొడవలి జారి, అద్దం పెంకు గుచ్చుకొని, గడ్డి కోసే యంత్రంలో చేయి పడి నరం తెగినవారికి, ఆ నరం తిరిగి పెరగడానికి పట్టుపోగులు తోడ్పడగలవు. ఈ మాట వినగానే రెండు అపోహలు కలగవచ్చు. పట్టుదారంతో నరాన్ని గట్టిగా కుట్టివేస్తారని ఒకటి. పట్టుపోగే నరంవలె పనిచేస్తుందని మరొకటి. రెండూ సరి కావు. నరం తనంతట తానే పెరుగుతుంది. పట్టు దానికి దారి చూపుతుంది, అంతే. అయితే ఆ దారి ఎందుకు అవసరమో, పట్టుకే ఆ యోగ్యత ఎట్లా వచ్చినదో తెలుసుకోవలసి ఉన్నది.

నరమంటే ఏది?

వాడుకలో చేతిమీద నీలంగా ఉబ్బి కనిపించే వాటిని నరాలంటారు. నిజానికి అవి సిరలు, అనగా రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలు. శాస్త్రంలో నరమన్నా, నాడి అన్నా అర్థం వేరు. నరంలో రక్తం ప్రవహించదు. అది తెల్లని త్రాడువలె ఉంటుంది. దానిని అడ్డంగా కోసి సూక్ష్మదర్శినితో చూస్తే లోపల వేల కొలది సన్నని పోగులు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. వీటినే నాడీతంతువులంటారు. ఒక్కొక్క తంతువు మందం మిల్లీమీటరులో వెయ్యోవంతు మొదలు ఇరవై వెయ్యోవంతులవరకు ఉంటుంది. పొడవు మాత్రం ఆశ్చర్యకరమైనది. నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న ఒక జీవకణంనుండి బయలుదేరిన తంతువు పాదందాకా పోతుంది. అంటే కంటికి కనిపించని ఒక కణానికి దాదాపు ఒక మీటరు పొడవు గల తోక ఉన్నదన్నమాట.

ఈ తంతువులలో కొన్ని మెదడునుండి, వెన్నుపామునుండి కండరాలకు ఆజ్ఞలను తీసుకొనిపోతాయి. మరికొన్ని చర్మంనుండి స్పర్శ, నొప్పి, వేడి, చలి అనే సమాచారాన్ని తెస్తాయి. తంతువుల చుట్టూ కాపలా కాసే కణాలు ఉంటాయి. 1839లో వీటిని వర్ణించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు థియొడోర్ ష్వాన్ పేరుమీదుగా వీటిని ష్వాన్ కణాలంటారు. కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లుగా, పెద్ద తంతువులకు ఈ కణాలే మయెలిన్ అనే కొవ్వు తొడుగును చుట్టిపెడతాయి. పట్టు కథలో ముఖ్యపాత్ర ఈ ష్వాన్ కణాలదే.

నరం తెగితే ఏమవుతుంది?

1850లో అగస్టస్ వాలర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కప్ప నాలుకకు పోయే నరాలను కోసి, తరువాత ఏమి జరుగుతుందో పరిశీలించాడు. జీవకణంతో సంబంధం తెగిపోయిన భాగంలోని తంతువులు కొద్దిరోజులలోనే ముక్కలై నశించిపోయినవి. ఆ కణంతో కలిసి ఉన్న భాగం మాత్రం బ్రతికే ఉన్నది. చెట్టునుండి నరికిన కొమ్మ ఎండిపోయి, మొదలు బ్రతికి ఉన్నట్లే ఇదీ.

నరికిన మొదలు చిగిర్చినట్లే తెగిన తంతువు కూడా చిగురుస్తుంది. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ 1890లో ఆ చిగురు కొనను గుర్తించి వర్ణించాడు. అది వ్రేళ్ళు చాచిన చిన్న చేయివలె అటూ ఇటూ తడుముకుంటూ ముందుకు పోతుంది. దానికి పట్టుకొనడానికి ఆధారం దొరికితే ముందుకు సాగుతుంది. దొరకకపోతే అక్కడే చుట్టలు చుట్టుకొని, ముడిపడి, నొప్పి పుట్టించే గడ్డగా మారుతుంది. ఆధారం ఎక్కడినుండి వస్తుంది? తెగిన భాగంలో తంతువులు నశించినా ష్వాన్ కణాలు నశించవు. అవి బారులు తీరి నిలిచి, పెరుగుదలకు తోడ్పడే పదార్థాలను వెలువరిస్తూ, పాత దారిని కాపాడి ఉంచుతాయి. చిగురు ఆ బారు వెంట నడిచి తన గమ్యం చేరుకుంటుంది.

ఇదంతా చేతులు, కాళ్ళు, ముఖం మొదలైన భాగాలలోని నరాలకు వర్తించే విషయం. మెదడులోను, వెన్నుపాములోను తెగిన తంతువులు ఇట్లా తిరిగి పెరగవు. కనుక వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఈ చికిత్స ఇప్పుడే ఉపయోగపడుతుందని అనుకొనరాదు.

కాలంతో పందెం

చిగురు నడక చాల నెమ్మది. సగటున రోజుకు ఒక మిల్లీమీటరు. ఈ చిన్న అంకెలోనే రోగి భవిష్యత్తు ఇమిడి ఉన్నది.

మణికట్టు దగ్గర నరం తెగినదనుకుందాం. అక్కడినుండి వ్రేలికొనకు సుమారు 18 సెంటీమీటర్లు, అంటే 180 మిల్లీమీటర్లు. అన్నీ సవ్యంగా జరిగినా స్పర్శ తిరిగి రావడానికి ఆరు నెలలు కావాలి. చంక దగ్గర తెగితే అరచేతికి దూరం సుమారు 50 సెంటీమీటర్లు. ఆ లెక్కన 500 రోజులు, అనగా పదహారు నెలలకు పైగా పడుతుంది. ఈలోగా ఆజ్ఞలు అందని కండరాలు ఊరకే ఉండవు. అవి క్రమంగా చిక్కిపోతాయి. ఏడాది, ఏడాదిన్నర గడిచేసరికి కండరం స్థానంలో నారవంటి పదార్థం పేరుకుంటుంది. ఆ తరువాత నరం వచ్చి చేరినా దానికి ఆజ్ఞాపించడానికి కండరం మిగలదు. కాబట్టి నరం తెగినప్పుడు దారిలో పోగొట్టుకొన్న ప్రతి నెలా నష్టమే. మగ్గం నేసేవాడికైనా, దారం తీసేవారికైనా, కలం పట్టే విద్యార్థికైనా చేతివ్రేళ్ళ పట్టు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

నడుమ ఎడం ఏర్పడితే

నరం కత్తితో కోసినట్లు నున్నగా తెగితే, శస్త్రవైద్యుడు సూక్ష్మదర్శిని క్రింద రెండు కొనలను చేర్చి, తలవెంట్రుకకంటె సన్నని దారంతో కుట్టివేస్తాడు. కాని యంత్రంలో నలిగినప్పుడు కొంత భాగం పనికిరాకుండా పోతుంది. దానిని తీసివేస్తే నడుమ ఎడం ఏర్పడుతుంది. కొనలను బలవంతంగా లాగి కుట్టవచ్చునా? కూడదు. బిగుతుగా ఉన్న కుట్టు దగ్గర రక్తప్రసారం తగ్గి, మచ్చ ఏర్పడి, చిగుళ్ళకు దారి మూసుకుపోతుంది. వియన్నాకు చెందిన శస్త్రవైద్యుడు హన్నో మిల్లెసి 1972లో ప్రకటించిన ఫలితాలు, లాగి కుట్టడంకంటె బిగువు లేకుండా మధ్యలో మరొక నరం ముక్కను అతకడమే మేలని చూపినవి.

ఆ ముక్క రోగి శరీరంనుండే తీసుకోవాలి. సాధారణంగా పిక్క వెనుకనుండి పాదం వెలుపలి అంచుకు పోయే నరాన్ని తీస్తారు. ఇది నేటికీ మేలైన పద్ధతే. అయితే ఒక చోట బాగుచేయడానికి మరొక చోట పాడుచేయవలసి వస్తున్నది. పాదం అంచున స్పర్శ పోతుంది, మరొక గాయం మిగులుతుంది. పైగా ఇట్లా తీయగల నరం పొడవుకు హద్దున్నది.

ఈ ఇబ్బంది తప్పించడానికి సన్నని గొట్టాలను తయారుచేశారు. గొట్టానికి రెండువైపుల నరపు కొనలను చొప్పించి కుడితే, చిగుళ్ళు గొట్టం గుండా అవతలి కొనకు చేరవలె. చిన్న ఎడాలలో చేరుతున్నవి కూడా. కాని ఎడం సుమారు మూడు సెంటీమీటర్లు మించితే ఖాళీ గొట్టం నమ్మదగినది కాదు. కారణం తెలుసుకొంటే పట్టు అవసరం ఏమిటో అర్థమవుతుంది. గొట్టంలోకి మొదట ద్రవం ఊరుతుంది. గాయంమీద రక్తం గడ్డకట్టినట్లే, ఆ ద్రవంలోని ఫైబ్రిన్ అనే పదార్థం రెండు కొనల నడుమ సన్నని త్రాడువలె ఏర్పడుతుంది. ష్వాన్ కణాలు ఆ త్రాడు పట్టుకొని ప్రాకుతాయి. వాటి వెనుక చిగుళ్ళు వస్తాయి. ఎడం ఎక్కువైతే ఆ త్రాడు నడుమ సన్నబడిపోతుంది, లేదా అసలు ఏర్పడదు. ప్రాకడానికి ఆధారం లేక కణాలు ఆగిపోతాయి.

మదనపల్లె ప్రాంతపు టమాటా తోటలలో కొయ్యలు పాతి, వాటినుండి పురి కట్టి, మొక్కను పైకి లేపడం అందరూ చూసినదే. పురి మొక్కను పెంచదు. నేలమీద పడి కుళ్ళకుండా అది పోవలసిన దిక్కును మాత్రం చూపుతుంది. ఖాళీ గొట్టంలో కూడా అటువంటి పురి కావాలి. అది ప్రకృతి వేసిన త్రాడుకంటె పొడవైనది, త్వరగా కరిగిపోనిది, శరీరానికి హాని చేయనిది కావాలి. ఈ లక్షణాలను వెదుకుతూ పోయిన శాస్త్రజ్ఞులు పట్టు దగ్గర ఆగినారు.

పట్టులో ఏమున్నది?

పట్టుపోగు ముఖ్యంగా రెండు మాంసకృత్తులతో, అనగా ప్రోటీనులతో ఏర్పడినది. నడుమనున్న గట్టి పోగు ఫైబ్రాయిన్. దానిపై పూతవలె ఉన్న జిగురు సెరిసిన్. పురుగు క్రింది పెదవి దగ్గరనుండి రెండు ఫైబ్రాయిన్ పోగులు జంటగా బయటికి వస్తాయి. సెరిసిన్ ఆ రెంటినీ అంటించి, గూటిని గట్టిపరుస్తుంది. గూటి బరువులో సుమారు నాలుగోవంతు సెరిసినే.

ఫైబ్రాయిన్‌లో గ్లైసిన్, ఎలనిన్ అనే చిన్న ఎమినో ఆమ్లాలు మళ్ళీ మళ్ళీ ఒకే వరుసలో వస్తాయి. అవి చిన్నవి కావడంవల్ల అణువుల గొలుసులు ఒకదానిప్రక్క ఒకటి, పేర్చిన తాటాకులవలె దగ్గరగా సర్దుకొంటాయి. పట్టు గట్టిదనానికీ, నీటిలో కరగకపోవడానికీ ఇదే కారణం. అయినప్పటికీ అది మాంసకృత్తే కనుక శరీరంలోని జీర్ణరసాలవంటి ఎంజైములు దానిని కొద్దికొద్దిగా, నెలలనుండి సంవత్సరాల కాలంలో విడగొట్టగలవు. చివరకు మిగిలేవి శరీరం వాడుకోగల ఎమినో ఆమ్లాలే. నరం నెమ్మదిగా పెరుగుతుంది, పట్టు నెమ్మదిగా పోతుంది. ఈ రెండు నెమ్మదితనాలు ఒకదానికొకటి సరిపోవడమే ఇందులోని విశేషం.

మరొక పొందిక కూడా ఉన్నది. జిగురు తీసిన పట్టుపోగు మందం మిల్లీమీటరులో పది, పదిహేను వెయ్యోవంతులు. పెద్ద నాడీతంతువు మందం కూడా ఇంచుమించు అంతే. ష్వాన్ కణం అటువంటి సన్నని పోగును ఆనుకొని, దాని పొడవునా సాగి ప్రాకుతుంది.

పట్టు వైద్యానికి క్రొత్తది కాదు. గాయాలను కుట్టడానికి అనేక శతాబ్దాలుగా వాడుతున్నారు. కొందరిలో ఆ కుట్లు వాపు కలిగించడం కూడా వైద్యులు గమనించారు. జిగురు పూర్తిగా తీయని పట్టును వాడడం దీనికి ఒక ముఖ్యకారణమని తేలినది. అందువల్ల వైద్యానికి వాడే పట్టునుండి సెరిసిన్‌ను శ్రద్ధగా తొలగించాలి. చీర నేయడానికి ముందు దారాన్ని సబ్బు నీటిలో ఉడికించి మెరుపు తెచ్చే నేతగాళ్ళు చేసేది కూడా ఈ పనే.

ప్రయోగాలు చెప్పినదేమిటి?

చైనాలోని నాన్‌టాంగ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2007లో తమ ఫలితాలు ప్రకటించారు. వారు పట్టుపురుగు ఫైబ్రాయిన్‌తో గొట్టం చేసి, దానిలో ఫైబ్రాయిన్ పోగులనే నింపి, ఎలుక తొడ నరంలో 10 మిల్లీమీటర్ల ఎడానికి అమర్చారు. ఆరు నెలల తరువాత పరీక్షిస్తే, నరం ఎడాన్ని దాటి పెరిగినది. ఫలితం స్వంత నరం ముక్కను అతికినప్పటి ఫలితానికి దగ్గరగా వచ్చినది.

ఎలుక చిన్న ప్రాణి. మనిషి చేతిలోని ఎడాలకు పోల్చదగిన దూరంలో పరీక్ష జరగవలసి ఉన్నది. జర్మనీలోని హానోవర్ వైద్య విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ రాడ్‌ట్కె, పీటర్ ఫోగ్ట్ మొదలైనవారు ఆ పని చేసి 2011లో ప్రకటించారు. వారు వాడినది సాలెపట్టు. కణాలు తొలగించిన సిరను గొట్టంగా తీసుకొని, దానిలో సాలెపోగులు నింపి, గొర్రె కాలి నరంలో 6 సెంటీమీటర్ల ఎడాన్ని పూరించారు. పది నెలలకు తంతువులు అవతలికి చేరినవి. వాటి చుట్టూ మయెలిన్ తొడుగు కూడా తిరిగి ఏర్పడినది.

సాలెపట్టు అంత మంచిదైతే దానినే వాడరాదా అన్న ప్రశ్న పుడుతుంది. సాలెపురుగులను ఒకచోట చేర్చి పెంచితే ఒకదానినొకటి తినివేస్తాయి. ఒక్కొక్కదానిని విడిగా పట్టి, దాని శరీరంనుండి పోగును లాగి చుట్టుకోవాలి. పట్టుపురుగు అట్లా కాదు. వేల సంవత్సరాలుగా మనిషి చేతి క్రింద పెరిగి, చంద్రికమీద వందలకొలది కలిసి గూళ్ళు కట్టుకొనే సాధుప్రాణి అది. అందుచేత ఇటలీలో మల్బరీ పట్టు ఫైబ్రాయిన్‌తో నరపు గొట్టాన్ని రూపొందించి, స్విట్జర్లండులో కొద్దిమంది రోగుల చేతివ్రేళ్ళ నరాలలో అమర్చి పరీక్షించారు. అయితే కొద్దిమందిలో జరిగిన పరీక్ష తొలిమెట్టు మాత్రమే. పెద్ద ఎడాలలో, పెద్ద నరాలలో, ఎక్కువమందిలో పరీక్షలు జరిగితేగాని ఇది స్వంత నరం ముక్కకు బదులు నిలుస్తుందని చెప్పడానికి వీలులేదు.

తెలుగునాట మరొక పట్టు కూడా ఉన్నది. తెలంగాణాలోని మహదేవపూర్, చెన్నూరు అడవి ప్రాంతాలలో మద్దిచెట్లమీద దసలిపట్టు పురుగులను పెంచుతారు. దసలి ఫైబ్రాయిన్‌లో ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు ఎమినో ఆమ్లాలు వరుసగా వచ్చే చోట్లు ఉన్నవి. జీవకణాలు ఆ వరుసను గుర్తుపట్టి అంటిపెట్టుకొంటాయి. మల్బరీ ఫైబ్రాయిన్‌లో ఈ వరుస లేదు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో అడవిపట్టులపై జరిగిన పరిశోధనలు ఈ గుణాన్ని వైద్యానికి ఉపయోగించే మార్గాలను పరిశీలించినవి.

బడిలో చేయదగిన పరిశీలన

సెరిసిన్, ఫైబ్రాయిన్ వేరుచేయడం ఉన్నత పాఠశాలలో కూడా చూపవచ్చు. రెక్కల పురుగు తొలుచుకొని బయటికి పోయిన ఖాళీ గూళ్ళు కొన్ని తీసుకోవాలి. వాటిని ముక్కలుగా కత్తిరించి, లోపలి చెత్త దులిపి, ఆరబెట్టి, తూకం వేయాలి. ఒక లీటరు నీటిలో రెండు గ్రాముల సోడియం కార్బొనేటు కలిపి మరిగించి, అందులో ముక్కలను అరగంట ఉడికించాలి. ఈ పని ఉపాధ్యాయుడే చేయడం మంచిది. పిదప మంచినీటిలో మూడు నాలుగుసార్లు జాడించి, బాగా ఆరనిచ్చి, మళ్ళీ తూకం వేయాలి. గట్టిగా ఉన్న గూడు మెత్తని దూదివంటి పోగుల ముద్దగా మారుతుంది. బరువు సుమారు నాలుగోవంతు తగ్గుతుంది. తగ్గినది సెరిసిన్, మిగిలినది ఫైబ్రాయిన్. పరిశోధనశాలలలోని పని కూడా ఇక్కడినుండే మొదలవుతుంది. అక్కడ ఈ పోగులను లిథియం బ్రోమైడు ద్రావణంలో కరిగించి, లవణాన్ని వడగట్టి తొలగించి, మిగిలిన ఫైబ్రాయిన్ ద్రవంతో పలుచని పొరలు, స్పాంజీలు, గొట్టాలు పోతపోస్తారు. వాటిని ఆల్కహాలులో తడిపితే తిరిగి నీటిలో కరగని స్థితికి వస్తాయి.

రైతుకేమి లాభం?

ఈ చికిత్స వ్యాప్తిలోకి వస్తే గూళ్ళకు గిరాకీ పెరుగుతుందా అని పట్టు పండించే ఊళ్ళలో అడుగుతారు. ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఐదు సెంటీమీటర్ల ఎడానికి రెండు వందల పోగులు పెట్టవలసి వచ్చినదనుకుంటే, మొత్తం పది మీటర్ల పోగు చాలును. ఒక మంచి బైవోల్టిన్ గూటిలో సుమారు వెయ్యి మీటర్ల దారం ఉంటుంది. అంటే ఒక్క గూడు ఎందరికో సరిపోతుంది. కనుక చీరలకు పోయే పట్టు ఆసుపత్రులకు తరలిపోతుందని ఆశించడం పొరపాటు. కాని వైద్యానికి కావలసిన పట్టు ఒకే తీరుగా ఉండాలి. పురుగుకు రోగం తగలకుండా, ఆకుమీద పురుగుమందు మిగలకుండా, పోగు మందం మారకుండా పండించాలి. అటువంటి గూడు పండించడం నేర్చిన రైతుకు మగ్గం దగ్గర కూడా మంచి ధరే పలుకుతుంది.

ఇక ఈ విషయంలో ప్రతి ఇంటా తెలియవలసిన మాట ఒకటున్నది. చేతికి లోతుగా గాయమై, వ్రేలిలో స్పర్శ పోయినా, వ్రేలు వంచలేకపోయినా, పైచర్మం మానినంత మాత్రాన లోపలి నరం కలిసినట్లు కాదు. నరాలకు శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి ఆ రోగిని వీలైనంత త్వరగా చేర్చాలి. తెగిన నరం రోజుకు ఒక్క మిల్లీమీటరు చొప్పుననే నడవగలదు. దానికి దారి ఎంత ముందుగా దొరికితే చేయి అంతగా దక్కుతుంది.